కనిపించింది చెప్పు

జూన్ 9

అక్కకి,

ఫోనులో అయితే మనిద్దరికీ మాటకి మాట తగులుకుంటుంది. కాగితం మీద నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు, నేను అరవలేను. అందుకని ఈ ఉత్తరం.

మా పిడుగుకి నాలుగేళ్ళు నిండాయి. అది కళ్ళు తెరవడమే ప్రశ్నతో తెరుస్తుంది. “నాన్నా, నీడకి ముక్కెందుకు లేదు?” అంటుంది. “సబ్బు ఎర్రగా ఉంటే నురగ తెల్లగా ఎందుకొస్తుంది?” అంటుంది. నోట్లో బ్రష్షు పెట్టుకుని నేనేం చెప్పను? గోడలకి రంగులు వేయించి ఏడాది కాలేదు, నా నడుమెత్తు దాకా బొమ్మలే. చీమలు వరసగా బస్సెక్కుతున్నాయి. వాళ్ళమ్మ నర్సు బట్టల్లో ఆస్పత్రి మీదుగా ఎగురుతోంది. గీసిన ప్రతి కాగితం తెచ్చి నా మోకాళ్ళ మీద పెట్టి, గడ్డం పట్టుకుని తిప్పుతుంది. “బాగుందా? చెప్పు, బాగుందా?” బాగుందంటాను. సగం సార్లు చూడకుండానే అంటాను.

నా పని నీకు తెలుసు కదా. టైల్స్ ఫ్యాక్టరీలో బట్టీ దాటి వచ్చిన సరుకు బెల్టు మీద నా ముందునుంచే పోతుంది. వెంట్రుకంత బీట, పూతలో సూదిబెజ్జం, మూల పెచ్చు ఊడటం, ఏది కనిపించినా నీలం మైనపు పెన్సిలుతో చుట్టూ సున్నా చుట్టి పక్కకి తీసేయాలి. బాగున్నవాటికి నేను చేయాల్సిందేమీ లేదు. వాటంతట అవే పోతాయి. ఇంటికొచ్చేసరికి కళ్ళు మండుతుంటాయి, ఇక బొమ్మలేం చూస్తాను?

చదువంటే నాకెంత భయమో, పుస్తకం తీయమంటే ఎలా పారిపోయేవాణ్ణో నువ్వు చూశావు. దానికి ఆ భయం పుట్టకూడదు. నేను కోరుకునేది అదొక్కటే. వచ్చే ఏడాది మీ బడిలో చేర్పించాలని నేనూ మా ఆవిడా అనుకున్నాం. ఆవిడకి మీ ఊరికి బదిలీ దొరికేలా ఉంది. ఈలోగా మేం పిల్లని చెడగొట్టకుండా ఉండాలంటే ఏం చేయాలో రాయి. టీచర్లకే పాఠాలు చెప్పేదానివి, తమ్ముడికి చెప్పలేవా?

నీ తమ్ముడు

జూన్ 17

నీడ ముక్కును వెతికే పిల్ల తండ్రికి,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వుకున్నాను. తరువాత తీరిగ్గా మరోసారి చదివి ఆలోచించాను. నువ్వు అడిగిన ప్రశ్నను చాలామంది తల్లిదండ్రులు అడగనే అడగరు. పిల్లకు నేర్చుకోవాలనే ఇష్టం మనం పెట్టనక్కరలేదు. అది దానితోనే పుట్టింది. మనం చేయగలిగిందల్లా దానికి అడ్డు రాకుండా ఉండటమే.

మా బడిలో ఒక నియమం ఉంది. పిల్లలు ఏ పని చేసి చూపించినా “శభాష్” అనం, “బాగుంది” అనం. కొత్తగా చేరిన టీచర్లకు ఇది కఠినంగా తోస్తుంది. కానీ గమనించు. “బాగుంది” అని మనం అన్న మరుక్షణం పిల్ల తన బొమ్మను చూడటం మాని మన మొహం చూస్తుంది. ఇక అక్కడినుంచి అది బొమ్మ కోసం గీయదు, మన మొహం కోసం గీస్తుంది. మీ పిడుగు నీ గడ్డం పట్టుకుని తిప్పుతోందన్నావే, సరిగ్గా అదే సంగతి.

అందుకని మేము మెచ్చుకోము, తప్పుపట్టము. చూసింది చెబుతాము. ఒక బాబు కూజాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంపితే “నీళ్ళు అంచుదాకా వచ్చాయి” అంటాము, అంతే. వాడు గ్లాసు వైపు చూస్తాడు, మా వైపు కాదు. వాడి పని వాడితో మాట్లాడుతుంది.

నువ్వూ అలాగే చెయ్యి. బొమ్మ తెచ్చినప్పుడు పని పక్కన పెట్టి, కూర్చుని, నిజంగా చూడు. తరువాత కనిపించింది చెప్పు. నీ అంత నిశితంగా చూసే కన్ను మా టీచర్లలో ఎవరికీ లేదు. ఆ కన్ను ఇన్నాళ్ళూ టైల్స్‌కే ఉపయోగపడింది.

మా బడిలో కుళాయిలు కిందికి దింపించాము, మూడేళ్ళ పిల్లలకు మోచేతి ఎత్తు వచ్చేలా. ప్లంబరు “ఇదేం బడమ్మా, మరుగుజ్జుల హోటలా?” అన్నాడు. పిల్లలు రోజంతా చేతులు కడుక్కుంటూనే ఉన్నారు. నీళ్ళ ఖర్చు గురించి యాజమాన్యం నాకు ఉత్తరం రాసింది.

మరదలికి నా తరఫున చెప్పు, ఎగురుతున్న నర్సు బొమ్మ ఉన్న గోడకు మళ్ళీ రంగు వేయించవద్దని.

అక్క

జూలై 20

అక్కా,

నీ మందు పనిచేస్తోంది. మొదట్లో కొంచెం చేదుగా ఉంది, అంతే.

మొదటిరోజు బస్సు గీసి తెచ్చింది. నువ్వు చెప్పినట్టే పని పక్కన పెట్టి కూర్చున్నాను. కాగితం వెలుతురులో పట్టుకుని బాగా చూశాను. కనిపించింది చెప్పాను. “చక్రాలు మూడే ఉన్నాయి. కిటికీ గీత బయటికి పోయింది. డ్రైవరుకి ఒక చెయ్యి పొట్టి.” అది నా మొహం వంక చూస్తూ, “ఇంకా?” అంది. “అంతేనమ్మా” అన్నాను. “బాగుందా?” అంది. కాగితం దాని చేతికి తిరిగిచ్చాను. కాసేపు నిలబడి కాగితం తీసుకెళ్ళి, నాలుగో చక్రం వేసి తెచ్చింది! ఎవరూ చెప్పకుండా! నాకు ఒళ్ళు పులకరించింది.

ఇప్పుడు రోజూ చూస్తున్నాను. ఆకు గీస్తే ఈనెలు ఒక పక్కనే ఉన్నాయంటాను. ఇల్లు గీస్తే పొగగొట్టం వాలిందంటాను. గొంతు పెంచను, తిట్టను. అది వెళ్ళి సరిచేసుకొస్తుంది. చెరిపి చెరిపి కాగితం చిరుగుతుంది కూడా. అంత పట్టుదల!

మా ఆవిడకి మాత్రం నచ్చలేదు. “మీరు ఇంటికొచ్చినా డ్యూటీ దిగరా?” అంటుంది. “ఇది మా అక్క పద్ధతి, పెద్ద చదువులు చదివింది” అంటే, “చదివింది ఆవిడ, పరీక్ష రాసేది నా కూతురా?” అంటుంది. ఆవిడ నోటికి మూత ఎవరు వెయ్యగలరు!

నీ తమ్ముడు

ఆగస్టు 2

తమ్ముడూ,

పిల్ల తనంతట తాను వెనక్కి వెళ్ళి నాలుగో చక్రం వేసిందన్న చోట ఉత్తరం ఆపేసి, పక్క గదిలో ఉన్న టీచర్లను పిలిచి చదివి వినిపించాను. నాలుగేళ్ళ పిల్ల ఎవరూ చెప్పకుండా తన పని దగ్గరికి తిరిగి వెళ్ళడం సామాన్యమైన సంగతి కాదు. ఇందుకోసమే మేము నెలల తరబడి ఓపిక పడతాము. నీకు ఇంత త్వరగా ఎలా సాధ్యమైందని ఒక టీచరు అడిగింది. మా తమ్ముడికి చూడటం వృత్తి అని చెప్పాను.

ఇక్కడ వానలు. బడి వరండాలో పిల్లలు తడి చెప్పులను పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క పేర్చుతున్నారు. ఆయమ్మ “మా ఇంట్లో నా మొగుడు ఈ వయసులో కూడా పేర్చడు” అంటోంది. వానాకాలంలో గంటల తరబడి ఒకే పనిలో మునిగిపోయే పిల్లలను చూడటం నా వృత్తిలోని పెద్ద సుఖం. కనుబొమలు ముడిపడి, పెదవులు బిగుసుకుని, పక్కన పిడుగు పడినా తల తిప్పరు.

నీకు ఇప్పుడు తరువాతి మెట్టు చెబుతాను. చెప్పడం కూడా తగ్గించు. బొమ్మ తెచ్చినప్పుడు “నీకేం కనిపిస్తోంది?” అని అడుగు. తన పనిని తానే చూసుకోగలిగిన పిల్లకు జీవితాంతం మరొకరి మెప్పు అవసరం ఉండదు.

ఒక చిన్న మాట. లేనివాటితో పాటు ఉన్నవాటిని కూడా చెబుతూ ఉండు. బస్సు ఏ రంగులో ఉందో నాకు రాయనే లేదు.

అక్క

సెప్టెంబరు 14

అక్కా,

బస్సు రంగు నాకు గుర్తులేదు. ఎర్రదో ఏదో.

“నీకేం కనిపిస్తోంది?” అన్న ప్రశ్న ఉందే, అది మంత్రం. మొదటిసారి అడిగితే అర్థంకానట్టు చూసింది. రెండో రోజు నా చొక్కా జేబులోంచి నీలం మైనపు పెన్సిలు తీసుకుంది. నేలమీద బోర్లా పడుకుని, తన బొమ్మ మీద తానే సున్నాలు చుట్టింది. వంకరపోయిన చోట ఒకటి, రంగు దాటిన చోట ఒకటి. తెచ్చి చూపించింది. అక్కా, నాకు కనపడనివి కూడా పట్టేసింది! మా సూపర్‌వైజరుకి చెబితే “పిల్లని రేపటినుంచి పంపించు, నువ్వు ఇంట్లో కూర్చో” అని నవ్వాడు.

ఇప్పుడు నాకు చూపించేది కూడా తక్కువే. ఒక్కతే కూర్చుంటుంది. నువ్వు రాసినట్టే కనుబొమలు ముడేసి, పెదవులు బిగించి. పిలిస్తే ఉలకదు పలకదు. ఇల్లంతా నిశ్శబ్దం. పక్కింటావిడ “మీ పిల్ల ఊరెళ్ళిందా?” అని అడిగింది. ప్రశ్నలు కూడా తగ్గాయి. ముందే ఆలోచించుకుని, తెలియదని ఖాయమైతేనే అడుగుతోంది కాబోలు.

గోడల మీద గీయడం పూర్తిగా మానేసింది. గోడ మీదైతే చెరపలేం కదా.

నీ తమ్ముడు

సెప్టెంబరు 27

తమ్ముడూ,

గత వారం టీచర్ల శిక్షణ తరగతిలో మీ ఇంటి సంగతి ఒక ఉదాహరణగా చెప్పాను. ఊరూ పేరూ చెప్పలేదు, నిశ్చింతగా ఉండు. “ఒక కార్మికుడు, పుస్తకాల సాయం లేకుండా, తన వృత్తిలోని చూపుతోనే కూతురికి స్వయంగా సవరించుకోవడం నేర్పాడు” అన్నాను. చాలామంది రాసుకున్నారు. అలా చెబుతున్నప్పుడు నాకు నీ గురించి గర్వంగా అనిపించింది. ఇన్నేళ్ళలో ఈ మాట నీతో అన్నట్టు లేదు.

ఒక్కటి తెలుసుకోవాలని ఉంది. తొందరేమీ లేదు, తీరిక చూసుకుని గమనించి రాయి. గీసేటప్పుడు పిడుగు తనలో తాను ఏమైనా గొణుక్కుంటుందా? కూనిరాగం తీస్తుందా? కాళ్ళు ఊపుతుందా? పనిలో మునిగిన పిల్ల ఒళ్ళు వదులుగా ఉంటుంది.

ఏప్రిల్ నెలాఖరులో కొత్త పిల్లలు కొద్దిరోజులు వచ్చి మా తరగతిలో కూర్చుంటారు. పిడుగుకు చోటు నేను ఇప్పుడే ఉంచేశాను. యాజమాన్యంతో మాట్లాడటం కూడా అయిపోయింది.

అక్క

అక్టోబరు 8

వదినగారికి,

ఈ ఉత్తరం నేను రాస్తున్నట్టు ఆయనకి తెలుసు. పక్కనే కూర్చుని ఉన్నారు. రాయొద్దనలేదు.

మీరు అడిగిన ప్రశ్నకి జవాబు నేను చెబుతాను. గొణుక్కోదు. కూనిరాగం లేదు. కాళ్ళు ఊపదు. మీ తమ్ముడు మీకు రాసినవన్నీ నిజాలే, ఒక్కటీ అబద్ధం లేదు. అందుకే మీరు నమ్మారు. నేను ఆస్పత్రిలో రోజూ చూస్తుంటాను, నొప్పితో ఉన్న పిల్లలు కూడా అలాగే నిశ్శబ్దంగా, కనుబొమలు ముడేసుకునే ఉంటారు. బయటినుంచి చూసేవాళ్ళు “ఎంత బుద్ధిమంతురాలో” అంటారు.

మొన్న నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అది గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కాగితం. చాలా రోజులకి నాకు ఏదో చూపించబోతోందని సంచి కింద పడేసి కూర్చున్నాను. తెల్లకాగితం వదినా. అటూ ఇటూ తిప్పి చూపించింది. “చూడమ్మా, ఇందులో ఒక్క తప్పు కూడా లేదు” అంది. దిగులుగా అనలేదు. గర్వంగా అంది. అదే నేను తట్టుకోలేకపోయాను.

“బాగుంది తల్లీ” అన్నాను. అది నా వంక ఎలా చూసిందంటే, పని రానివాళ్ళని పని వచ్చినవాళ్ళు చూసినట్టు. “నీకు చూడటం రాదులేమ్మా” అని నా చెయ్యి తట్టి వెళ్ళిపోయింది.

కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. అది మీ తమ్ముడి కూతురు, మీ పద్ధతి అనుకున్నాను. నా కూతురు కూడా కదా. మీరు శిక్షణ తరగతిలో చెప్పినప్పుడు రాసుకున్న టీచర్లకి ఇది కూడా చెప్పండి, మిగతా సగం కూడా రాసుకుంటారు.

ఆయనని ఏమీ అనకండి. తెల్లకాగితం చూసిన దగ్గర్నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. మైనపు పెన్సిలు ఫ్యాక్టరీలోనే వదిలేసి వస్తున్నారు. దానికి ఇప్పుడు పెన్సిలు అక్కర్లేదు, వేలితోనే సున్నాలు చుడుతుంది.

మీ మరదలు

అక్టోబరు 15

మరదలికీ తమ్ముడికీ,

నువ్వు రాసిన ప్రతి మాటా సరైనదే. జవాబు వెంటనే రాయలేదు, ముందు వెనకటి ఉత్తరాలన్నీ వరసగా చదివాను. నాలుగో చక్రం దగ్గరే నేను ఆగి అడగవలసింది. అడగలేదు, ఎందుకంటే నేను వినాలనుకున్నది నాకు వినిపించింది. దాన్ని ఎంత చెప్పుకున్నా పిల్లకు ఉపయోగం లేదు కాబట్టి ఇప్పుడు చేయవలసింది రాస్తాను.

బొమ్మల మాట ఎత్తవద్దు. కాగితాలు కనపడకుండా చేయవద్దు, చేతికి ఇవ్వనూ వద్దు. నీళ్ళతో ఆడనివ్వండి, బట్టలు ఉతికేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. నీటిలో గీసింది నిలవదు, దానికి తప్పొప్పులు ఉండవు. మీరిద్దరూ ఏదైనా పని చేతగాక చెడగొట్టి, నవ్వుకోండి. అది చూడాలి. బలవంతంగా నవ్వవద్దు, తెలిసిపోతుంది.

ఏప్రిల్‌లో తప్పకుండా తీసుకురండి. ఇలాంటి పిల్లల కోసమే నేను ఈ బడిలో ఉన్నది. నా దగ్గరికి వస్తే మళ్ళీ మామూలు అవుతుంది. ఇది నా మాట.

అక్క

ఏప్రిల్ 12

అక్కా,

చాలా రోజులు రాయలేదు, రాయడానికేమీ లేక. నువ్వు చెప్పినవన్నీ చేశాం. ఒకరోజు కావాలనే చొక్కా తిరగేసి తొడుక్కుని నవ్వాను. పిడుగు వచ్చి “కుట్లు బయటికున్నాయి నాన్నా” అని మెల్లిగా చెప్పి, గుండీలు విప్పడానికి సాయం చేసింది.

మా ఆవిడ మొదట మీ బడి వద్దంది. నీ మాట చూపించి నేనే ఒప్పించాను. బదిలీ కాగితాలు కూడా వచ్చేశాయి. మాకు వేరే దారి లేదక్కా. ఇరవైయో తేదీన ఇద్దరూ వస్తున్నారు. బడి అంటే దానికి భయం లేదు. “అత్త బడిలో చాలామంది పిల్లలుంటారా? వాళ్ళందరివీ చూడొచ్చా?” అని అడిగింది. ఎన్ని నెలల తర్వాతో ఒక ప్రశ్న! ఆ రాత్రి నేను కడుపునిండా తిన్నాను.

నీ తమ్ముడు

ఏప్రిల్ 26

తమ్ముడికి,

ఈ ఉత్తరం ఎంత జాగ్రత్తగా రాసినా నీకు గాయమవుతుంది. అయినా జాగ్రత్తగానే రాస్తాను.

పిడుగు మా దగ్గర వారం రోజులు ఉంది. మొదట గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. ఎవరినీ విసిగించలేదు, ఏడవలేదు. తరువాత బల్లల మధ్య నడవడం మొదలుపెట్టింది. ఒక బాబు రెండు చేతులతో రంగు పులిమి, అందరికీ చూపిస్తూ తిరుగుతున్నాడు. దీని దగ్గరికీ వచ్చాడు. ఇది మోకాళ్ళ మీద కూర్చుని, నిజంగా చూసింది. మా టీచర్లు కూడా అంత శ్రద్ధగా చూడరు. “ఇక్కడ కారింది. ఇక్కడ వేలి గుర్తు పడింది” అని ఎంతో మర్యాదగా చెప్పింది. వాడు కాగితం వంక చూసుకున్నాడు. రెండో కాగితం తీసుకోలేదు.

నేను దాన్ని దూరంగా కూర్చోబెట్టి మట్టి పని ఇచ్చాను. అయితే నేను ఊహించనిది జరిగింది. పిల్లలే తమ పని పట్టుకుని దాని దగ్గరికి వెళ్ళసాగారు. పెద్దవాళ్ళం ఎవరమూ అంతసేపు వాళ్ళ పనిని చూడము కదా, వాళ్ళకు ఆ చూపు కావాలి. వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరే ముందుకు వచ్చి, విని, వెనక్కి వెళ్ళి, కాగితాన్ని పొట్టకు అదుముకుని కూర్చున్నారు. వారాంతానికి మా తరగతి గది చాలా నిశ్శబ్దంగా ఉంది. చూడటానికి వచ్చిన ఒక తండ్రి ఎంత క్రమశిక్షణ అని మెచ్చుకున్నాడు.

అక్టోబరులో నేను ఇచ్చిన మాట మీకు గుర్తుంటుంది. దాన్ని నిలబెట్టుకోలేను. మిగతా పిల్లలు కూడా నా బాధ్యత. వాళ్ళలో కొందరు ఇంకా మూడేళ్ళు నిండనివారు. పిడుగును ఈ ఏడాది చేర్చుకోలేను. వచ్చే ఏడాది సంగతి అప్పుడు చూద్దాము.

ఇది దాని మీద తీర్పు కాదని తెలిసేలా చెప్పండి. వెళ్ళేటప్పుడు అది నా కొంగు పట్టుకుని, “అత్తా, నేను ఉంటున్నానా?” అని అడిగింది. నిర్ణయం అప్పటికే తీసుకున్నాను. “నాన్న చెబుతాడు” అన్నాను.

అక్క

మే 2

అక్కా,

నీ ఉత్తరం మా ఆవిడ ముందు చదివి, మడిచి, నా చేతిలో పెట్టింది. “అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. మీ ఇంటావంటా అంతే” అని డ్యూటీకి వెళ్ళిపోయింది. పిల్లకి చెప్పే పని నాకు వదిలింది.

చెప్పాను. నీ మాటల్లోనే చెప్పాను. “అత్త బడికి ఈ ఏడాది కాదమ్మా. ఇది తీర్పు కాదు. నువ్వు మంచిదానివే” అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే ఎత్తుకుందామని కుర్చీ అంచున కూర్చున్నాను.

ఏడవలేదు. కిటికీ దగ్గరికి, వెలుతురు ఉన్నచోటికి వెళ్ళి నిలబడింది. చెప్పులు విప్పింది. రెండు చేతులూ చాచి అరచేతులు చూపించింది, తర్వాత తిప్పి చూపించింది. జుట్టు ఎత్తి చెవుల వెనక చూపించింది. మెల్లగా అటు తిరిగి వీపు చూపించింది.

“ఎక్కడుంది నాన్నా?” అంది.

“ఏం లేదమ్మా, ఎక్కడా ఏం లేదు.”

“సరిగ్గా చూడు. ఉంది కాబట్టే కదా వద్దన్నారు. ఎక్కడుందో చెప్పు, నేనే సరిచేసుకుంటా.”

నేను బల్ల దగ్గరికి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నేను చూసి రాసుకుంటున్నాననుకుంటోంది. ఇంకా అక్కడే ఉంది. కదలడం లేదు, నాకు బాగా కనిపించాలని.

నీ తమ్ముడు